సబ్బు రాసిన కమాను

వైలిన్ నేర్పే పనిలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతున్నారు. వాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో నాకు తెలుసు. శాలువాలు, సన్మానాలు, ఏ పెద్ద విద్వాంసుడి పక్కన కూర్చుని వాయించానో ఆ ముచ్చట్లు. అవేవీ నా దగ్గర లేవు. నేను పటాన్‌చెరు చుట్టుపక్కల పిల్లలకు వైలిన్ నేర్పి బతికినదాన్ని. కచేరీలు చేసింది తక్కువ, గొంతు చించుకున్నది ఎక్కువ. కోపం నాకు పుట్టుకతో వచ్చింది. వయసు మీద పడితే తగ్గుతుందని అందరూ అన్నారు గాని తగ్గలేదు. పైగా నేను చేసిన చివరి ఉద్యోగం దాన్ని ఇంకాస్త పెంచి ఇంటికి పంపింది. కాబట్టి మెత్తటి మాటలు కావలసినవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

బిరడాలు తిప్పే గురువుగారు

మాది గుడివాడ దగ్గర పల్లె. నాకు వైలిన్ నేర్పినాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రం బడి నుంచి వచ్చి, పంచె కట్టుకుని, మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టేవారు. ఆయనకో దురలవాటు ఉండేది. మేం వాయిస్తుండగా అటూ ఇటూ తిరుగుతూ, ఎవరో ఒకరి వైలిన్ మీద చెయ్యి వేసి, తీగను బిగించే బిరడా కొంచెం తిప్పేసి పోయేవారు. తీగ శ్రుతి తప్పేది. మేమే ఆపి, విని, బిగించుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. ఎవరైనా గమనించకుండా వాయించుకుంటూ పోతే ఆ పూటకి వాళ్ళ పాఠం అయిపోయినట్టే. "చెవులు ఇంట్లో పెట్టి వచ్చావు, వెళ్ళి తెచ్చుకో" అనేవారు.

అప్పట్లో ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. కానీ నా చెవి పుట్టింది ఆ వసారాలోనే. ఆయన మా చేతి వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు కూడా. గురువు కొడితేనే విద్య వస్తుందని చెప్పే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. శుద్ధ అబద్ధం. దెబ్బల వల్ల నాకు ఒక్క స్వరం కూడా రాలేదు. దెబ్బ తిన్న వేలు వారం రోజులు తీగ మీద భయపడుతూనే దిగేది. బిరడా తిప్పడం నేర్చుకోండి, కొట్టడం ఆయనకే వదిలేయండి.

గోడ అవతల నైట్ షిఫ్టు

పెళ్ళయి ఇక్కడికి వచ్చేసరికి మావారు ప్రభుత్వ కర్మాగారంలో టర్నరు, లేత్ మెషీన్ మీద పని. టౌన్‌షిప్‌లో రెండు గదుల క్వార్టరు. గోడలు ఎంత పలచనంటే పక్కింటాయన దగ్గితే మా ఇంట్లో మంచినీళ్ళు ఇవ్వాలనిపించేది. నేను మొదటిసారి శ్రుతి చేసుకున్న పొద్దున్నే గోడ మీద దబదబా గరిటె చప్పుడు. ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి అప్పుడే పడుకున్నాడట. ఆ మధ్యాహ్నం ఆయన భార్య వచ్చి, "ఏమనుకోకండి వదినగారూ, ఆయన నిద్ర చాలకపోతే మెషీన్ మీద చెయ్యి పెట్టేస్తారని నాకు భయం" అంది. అప్పటినుంచి మా బ్లాకులో ఎవరికి ఏ వారం ఏ షిఫ్టో కనుక్కుని, దాన్నిబట్టి సాధన చేసేదాన్ని.

పిల్లలు నేర్చుకోవడానికి రావడం మొదలయ్యాక వాళ్ళకీ ఇదే పద్ధతి. నాన్న నిద్రపోతుంటే వాయించకూడదు, పక్కింటి మామయ్య పడుకుంటే గట్టిగా వాయించకూడదు. ఇందులో ఒక చిక్కు ఉంది. అది నాకు అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది. మా టౌన్‌షిప్ పిల్లలందరికీ కమాను తీగ మీద ఆనీ ఆనకుండా లాగే అలవాటు పడిపోయింది. కమాను అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, గుర్రపు వెంట్రుకలు కట్టిన కర్ర, దానితోనే తీగను మోగిస్తాం. ఆ వెంట్రుకలకు రోజిన్ అనే గుగ్గిలం బిళ్ల రుద్దితేనే అవి తీగను పట్టుకుంటాయి. పిల్లలు ఎవరినైనా లేపుతామేమోనన్న భయంతో దాన్ని అంటీ అంటనట్టు నడిపేవారు. స్వరం సరిగ్గానే ఉండేది. ధైర్యం ఉండేది కాదు. హైదరాబాదులో ఎక్కడైనా పోటీకి తీసుకెళ్తే మా పిల్లల వంతు వచ్చేసరికి మైకువాడు లేచి వచ్చి మైకు దగ్గరికి జరిపేవాడు.

చివరికి సెలవు రోజుల్లో వాళ్ళను వాటర్ ట్యాంకు వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, "ఇక్కడ నిద్రపోయేవాళ్ళు ఎవరూ లేరు, అరవండి" అనేదాన్ని. కమానుతో అరవడం. కీచుమని, బొంగురుగా, వికారంగా, ఎలా వస్తే అలా. మేకలు తోలుకొచ్చే ముసలాయన ఒకడు, "గీ పోరగాండ్లకు ఏమయిందమ్మా, కడుపునొప్పా?" అని అడిగేవాడు. ఆ వికారపు చప్పుళ్ళలోనుంచే వాళ్ళకు నాదం వచ్చింది. నా వృత్తి మొత్తంలో నేను కనిపెట్టినదంటూ ఉంటే అదొక్కటే.

అద్దాల భవనం

మావారు రిటైరయ్యాక అమీన్‌పూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. చెరువు అటువైపు, కొత్త అపార్టుమెంట్లు ఇటువైపు. మా సందు చివరే ఒక సంగీత అకాడమీ తెరిచారు. నిలువెత్తు అద్దాలు, లోపల ఏసీ, కీబోర్డు, గిటారు, డ్యాన్సు, అన్నీ ఒకేచోట. దాని డైరెక్టరు కుర్రాడే, మర్యాదస్తుడే, ఇంటికి వచ్చి మరీ పిలిచాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరాను.

మొదటి రోజే అక్కడి వైలిన్లన్నింటి మీదా రంగుల టేపులు అంటించి ఉన్నాయి. ఎర్రది సరిగమలో రి, పచ్చది గ, ఇలా. పిల్లలు చూపు ఆ టేపు మీద పెట్టి, వేలు రంగు మీద ఆనించి, వస్తున్న చప్పుడు ఏమిటో పట్టించుకోకుండా వాయిస్తున్నారు. తీగ జారి శ్రుతి మొత్తం దిగిపోయినా వేలు మాత్రం ఎర్ర టేపు మీదే ఉంటుంది. నేను ఒక పాప వైలిన్ బిరడా తిప్పి చూశాను. ఆ పాప ఏమీ తేడా లేనట్టు పాట పూర్తిచేసి, తలెత్తి మెచ్చుకోలు కోసం నావైపు చూసింది. నాకు వచ్చిన కోపం ఆ పసిదాని మీద కాదు.

"ఈ టేపులు తీసేయిద్దాం బాబూ" అన్నాను డైరెక్టరుతో.

"మేడమ్, మూడు నెలలల్ల పిల్ల ఒక పాట వాయించకపోతే పేరెంట్స్ ఊకుంటరా? పక్క అకాడమీల జాయిన్ చేస్తరు. టేపు ఉంటే జల్దీ వస్తది."

"జల్దీ వచ్చేది వేలు. చెవి రాదు."

"ఇంత తొందర్ల చెవి ఎవరు అడుగుతున్నరు మేడమ్?" అని నవ్వాడు. అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే ఎవరూ అడగడం లేదని అతని నమ్మకం. మీరు ఉద్యోగంలో చేరాక మీకు దొరికే పైవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే ఉంటారు. వీళ్ళతో పోట్లాడటం కష్టం, ఎందుకంటే మనం అరుస్తుంటే వాళ్ళు టీ తెప్పిస్తారు.

శిరీష

నర్సిరెడ్డి జిన్నారం వైపు ఒక ఊరి నుంచి మోటారు సైకిల్ మీద కూతురిని తీసుకొచ్చాడు. కొంత భూమి ఉంది, వ్యవసాయం తమ్ముడు చూసుకుంటాడు, తాను మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటరు. పిల్ల పేరు శిరీష. ఏడో తరగతి. తండ్రి వెనక నిలబడి, గోడకు వేలాడుతున్న వైలిన్లనే చూస్తోంది.

"టీచరమ్మా, ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడికాడ ఒకాయన గిది వాయిస్తుండె. ఈ పిల్ల ఆడ్నే కూసున్నది. దర్శనానికి రా బిడ్డా అంటె రాదు. ఇగ అప్పటిసంది ఇంట్ల ఇదే రంధి" అన్నాడు.

"సినిమా పాటలు తొందరగా రావు" అన్నాను ముందే.

"రాకపాయె. నాకేమెర్క గవన్ని? పిల్ల అడిగింది, తెచ్చిన."

నేను ఆ పిల్ల వైలిన్‌కు టేపు అంటించనివ్వలేదు. శిరీష నిదానం. మిగతావాళ్ళు పాట వాయించేనాటికి ఆ పిల్ల ఇంకా సరళీ వరుసల్లోనే ఉంది. డైరెక్టరు గాజు తలుపులోంచి చూసి తల అడ్డంగా ఊపుకుంటూ పోయేవాడు. కానీ శ్రుతి వెంట్రుకవాసి తప్పినా ఆ పిల్ల మొహం చిట్లించి ఆగిపోయేది. నేను బిరడా తిప్పి వెళ్తే, నా వెనకే వచ్చి, "టీచర్, మీరే తిప్పిన్రు గదా" అని నిలదీసేది. అంత చెవి ఉన్న పిల్ల అంతకుముందు నాకు దొరకలేదు. ఆ పిల్ల కోసమే నేను టేపుల మధ్య అన్ని రోజులు ఉన్నాను. ఆ పిల్ల నిలబడితే చాలు, నా పని వృథా పోలేదనుకునేదాన్ని.

ఫంక్షన్ హాల్లో

అకాడమీ వార్షికోత్సవం. పెద్ద ఫంక్షన్ హాలు, దీపాలు, ముప్పైమంది దాకా పిల్లలు ఒకే రకం బట్టల్లో మెట్ల మీద వరుసలుగా కూర్చుని వైలిన్ వాయించాలి. ముందు రోజు సాయంత్రం కమానులన్నీ సర్వీసింగ్ చేయించాలని అకాడమీలో తీసుకున్నారు. వేదిక మీద పిల్లల చేతికి ఇస్తామన్నారు. వాటికి రోజిన్ రుద్ది ఉంచుతారు గాబోలు అనుకున్నాను.

తెర లేచింది. సౌండు బాక్సుల్లోంచి పాట మొదలైంది. ఎంత చక్కటి వైలిన్! తొట్రుపాటు లేదు, కీచు లేదు. పిల్లలందరి చేతులూ కదులుతున్నాయి. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ నాదం ఈ పిల్లలది కాదని నాకు ఒక్క గమకంతోనే తెలిసిపోయింది. ఎవరో స్టూడియోలో వాయించినది. సరే, రికార్డు పెట్టి దాని మీద వాయిస్తున్నారు కాబోలు అనుకునేలోపు నా కళ్ళు రెండో వరుసలో శిరీష మీద పడ్డాయి.

ఆ పిల్ల కమాను ఒకసారి లాగింది, ఆగింది. మళ్ళీ లాగింది. నొక్కి లాగింది. వైలిన్ చెవి దగ్గరికి ఎత్తుకుని తీగను వేలితో మీటింది. తర్వాత కమాను ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని అలా కూర్చుండిపోయింది. చుట్టూ అందరూ వాయిస్తూనే ఉన్నారు. పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి.

వేదిక పక్కకు నేను వెళ్ళేసరికి నర్సిరెడ్డి అప్పటికే అక్కడున్నాడు. "అందరు మంచిగ వాయిస్తుంటె నువ్వేంది బిడ్డా గట్ల కూసున్నవ్? గింతమందిల ఇజ్జత్ తీసినవ్ గదా!"

"నాది పలుకుతలేదు నాన్న."

"అందర్ది పలికి నీదొక్కటే ఎందుకు పలకదు?"

శిరీష ఏడవలేదు. తన చేతి వేళ్ళ వంకే చూసుకుంటోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది. ఈలోగా డైరెక్టరు వచ్చి, "ఏం మేడమ్, మీ స్టూడెంట్ మొత్తం వీడియో ఖరాబ్ చేసింది" అన్నాడు.

నేను కమాను అందుకుని వెంట్రుకల మీద బొటనవేలు నడిపాను. జర్రున జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం సబ్బు వాసన.

అప్పుడు అర్థమైంది. కమానుకు సబ్బు రాస్తే వెంట్రుకలు తీగను పట్టుకోవు, ఎంత లాగినా చప్పుడు రాదు. షూటింగుల్లో వాయించడం రానివాళ్ళతో వాయిస్తున్నట్టు నటింపజేయడానికి ఇలా చేస్తారని ఎప్పుడో విన్నాను. పిల్లలకు చేస్తారని మాత్రం ఊహించలేదు.

అరచేతిలో నురగ

"వాసన చూడండి నర్సిరెడ్డి గారూ" అని కమాను ఆయన మొహం ముందు పెట్టాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు వాసన తెల్వది టీచరమ్మా. ప్లాంటుల కొలువు వడ్డంక పోయింది. ఇంట్ల కూర మాడినా ఎర్కకాదు."

ఆయన చెయ్యి పట్టుకుని, నా నీళ్ళ సీసాలోంచి కాసిని నీళ్ళు ఆ అరచేతిలో పోసి, కమాను వెంట్రుకలు అందులో రుద్దాను. తెల్లటి నురగ వచ్చింది. నర్సిరెడ్డి ఆ నురగను చూశాడు, నన్ను చూశాడు, కూతురిని చూశాడు.

"ఇది సబ్బు గదా!"

"సబ్బే."

"మరి గా పాట ఎవలు వాయించిన్రు?"

"డబ్బా వాయించింది."

"అందరి కమాన్లకూ పెట్టిన్రా?"

డైరెక్టరు మొహం ఎర్రబడింది గాని గొంతు తగ్గలేదు. "సార్, ఫస్ట్ టైమ్ స్టేజ్ ఎక్కుతున్నరు పిల్లలు. ఎవరికి వాళ్ళు వాయిస్తే గోల గోల అయితది. చెవులు పగుల్తయ్. సినిమాలల్ల గూడ గిట్లనే చేస్తరు. వాళ్ళకు కాన్ఫిడెన్స్ రావాలె కదా."

"నా బిడ్డ నోట్ల గుడ్డ కుక్కి పాటకు కూసోబెట్టిన్రు. గిదేం కాన్ఫిడెన్సు?" అన్నాడు నర్సిరెడ్డి. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, పిల్లను తీసుకుని వెళ్ళిపోయాడు.

మిగిలింది నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాస్తే మీరు నన్ను గురువు అనరు. ఉద్యోగం వదిలేస్తున్నానని కూడా అక్కడే చెప్పేశాను. నా అరుపులకు జనం చుట్టూ మూగారు. సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు తల్లులు మొహాలు మాడ్చుకున్నారు. కానీ ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "పోనిద్దురూ మేడమ్, పిల్లలు సంతోషంగానే ఉన్నారుగా, మీరెందుకు వాళ్ళ మూడ్ పాడుచేస్తారు?" అంది. పిల్లలు సంతోషంగానే ఉన్న మాట నిజం. అదే నన్ను దహించింది. తమ వైలిన్ పలకడం లేదని వాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. నెలల తరబడి ఫీజు తీసుకుని మనం వాళ్ళకు నేర్పింది అదన్నమాట.

చాలా రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. "మేడమ్, ఊరినుంచి మా అత్తగారు వచ్చారు. పాపను వాయించమంటే సౌండ్ రావట్లేదు. వైలిన్ రిపేరొచ్చినట్టుంది." అంటే ఫంక్షన్ అయిన దగ్గర్నుంచీ ఆ పెట్టె తెరవనే లేదు. తిడదామని నోరు తెరిచాను. వెనక ఆ పాప గొంతు వినిపించింది. కమాను వెంట్రుకలు మార్పించండని చెప్పి పెట్టేశాను.

ఇంకొక్క మాట

శిరీష మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే నర్సిరెడ్డి, "ముట్టుకుంటలేదు టీచరమ్మా, నేను జబర్దస్తి చేస్తె బాగుండదు" అన్నాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఇక పట్టలేక ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. నర్సిరెడ్డి అప్పటికే కమానును హైదరాబాదు తీసుకెళ్ళి కొత్త వెంట్రుకలు కట్టించి తెచ్చాడు. వైలిన్ పెట్టె బీరువా మీద ఉంది. దాని మీద ఉతికిన బట్టలు పేర్చి ఉన్నాయి.

"సబ్బు సంగతి నీకు తెలుసు కదే. తప్పు నీది కాదు కదా" అన్నాను.

"ఎన్కకు తెల్సింది టీచర్. వాయించేటప్పుడు తెల్వదు గదా" అంది శిరీష. "అందర్ది పలుకుతున్నది, నాకే చెయ్యి రాదేమో అనుకున్న. ఇప్పుడు కమాను పట్టుకుంటె గదే యాదికొస్తది."

పిల్లల కచేరీ బాగుండాలని మీ పైవాళ్ళు రేపు మీకూ ఏదో ఒక సబ్బు ఇస్తారు. అది సబ్బు రూపంలో రాకపోవచ్చు. ఇలాంటి జవాబు ఒక్కసారి ఎదురుగా కూర్చుని వింటే మీకు కూడా నాలాగే కోపం వస్తుంది. రావాలి. రాకపోతే దయచేసి ఇంకేదైనా పని చూసుకోండి.

నేను బట్టలు పక్కన పెట్టి పెట్టె దింపాను. కొత్త వెంట్రుకలకు రోజిన్ బాగా రుద్ది, వైలిన్ ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను. "వాయించు" అన్నాను. బతిమాలలేదు, నాకు అది రాదు. శిరీష ముందు తీగలు మీటి చూసి, బిరడాలు బిగించుకుంది. తర్వాత కమాను తీగ మీద పెట్టి లాగింది. కొత్త వెంట్రుకలు కదా, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది చప్పుడు. ఆ పిల్ల ఆగలేదు. సరిగమ మొదలుపెట్టింది.

"గాంధారం దిగింది!" అని అరిచేశాను. అలవాటు. అరిచాక, ఇప్పుడు కూడా తిట్టాలా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నర్సిరెడ్డి షిఫ్టుకు పోవడానికి బట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "తప్పొచ్చిందా టీచరమ్మా?" అని అడిగాడు.

"వచ్చింది."

"అయితె ఇనవడ్డట్టే గద!" అన్నాడు.

శిరీష తండ్రి వంక చూసి, వేలు కొంచెం జరిపి మళ్ళీ లాగింది. ఈసారి గాంధారం సరిగ్గా పడింది. తర్వాత మధ్యమం పోయింది. అదీ అరిచి చెప్పాను.